చెంగు క్రింది కంఠస్వరము

పగటి పనులన్నియు ముగిసిన పిమ్మట పెరటి గుమ్మమున కూర్చుండి, హైదరాబాదులో నున్న తమ యక్కగారితో ఫోనులో మాటలాడుట మా వదినగారికి నిత్యకృత్యము. కూరగాయల ధరలు, పిల్లల చదువులు, బంధువుల రాకపోకలు, ఒకరి మోకాళ్ల నొప్పులు, మరియొకరి కంటి ఆపరేషను, ఇవి యన్నియు నొక వరుసలో దొర్లిపోయిన తరువాత, ఆవలి వైపునుండి "ప్రార్థన చేసుకుందామా" యను మాట వచ్చును. ఆ మాట చెవిని బడినదో లేదో, వదినగారి కుడిచేయి వెనుకకు పోయి, భుజము దిగజారియున్న చెంగు నందుకొని, తలమీదుగా ముందునకు తెచ్చి, చెవిచెంత నొక్కి పట్టుకొనును. అటుపిమ్మట గాని కన్నులు మూతపడవు. ఆ సమయమున ఆమెను చూచువా రెవ్వరు? ఫోనులోని యక్కగారికి చెంగు కనబడదు. పాస్టరుగారు గాని సంఘపెద్దలు గాని దరిదాపుల లేరు. పెరటిలో నున్నవి జామచెట్టును నీళ్లతొట్టియు మాత్రమే. అయినను ఆ చేయి మరచిపోవుట నేనెన్నడును చూడలేదు. ఎవరికొరకు ఈ ముసుగు? చూచువారికొరకు కాదనుట స్పష్టము. దేవునికొరకందుమా? తలలోని తలపుల నెల్ల నెరిగినవానికి తలమీది వస్త్రముతో నేమి పని? ఈ ప్రశ్న చాలకాలముగా నన్ను విడువకున్నది.

ఆదివారపు ఆరాధనలో నీ చేష్టయే నూరింతలై కన్పట్టును. మా పల్లెటూరి గుడిలో పురుషు లొకవైపును స్త్రీలొకవైపును చాపలమీద కూర్చుందురు. "ప్రార్థన చేసుకుందాం" అని పాస్టరుగా రనగానే స్త్రీల వైపున నొక కదలిక పుట్టును. గంజిపెట్టిన నేతచీరల గరగర, పట్టుచీరల సరసర, గాజుల చప్పుడు, అన్నియు నొక్కమారు లేచి యణగును. తెల్లచీరలకు తెల్లని చెంగులు, రంగుచీరలకు రంగుల చెంగులు, చదువుకొను పిల్లలకు చున్నీలు, చున్నీ తెచ్చుకొననివారికి చేతిరుమాళ్లు. తల్లి చెంగులోనికి దూరిన పసివాడు ఆ వెలుతురు తగ్గిన చోటినుండి లోకమును తొంగిచూచుచుండును. ప్రార్థన ముగియగానే పడుచువారి చెంగులు భుజములమీదికి దిగును. నడివయసువారివి మెల్లగ జారును. ముసలమ్మలవి దిగనే దిగవు, కీర్తనలోను ప్రసంగములోను ప్రభురాత్రి భోజనములోను అవి యట్లే నిలిచియుండును. పురుషుల వైపున నున్న నేను వట్టి తలతో కూర్చుందును. మా తాతల కాలమున పొలమునుండి వచ్చు రైతు తలగుడ్డ నూడదీసి చంకబెట్టుకొని గుడి గడప దాటెడివాడు. ఆ తీయుటయు నీ కప్పుటయు పౌలు వ్రాసిన ఒకే లేఖనుండి వచ్చినవి. కాని పురుషుడు తలగుడ్డ తీయుటను గూర్చి యెవరును అంతగా తగవులాడలేదు. స్త్రీ తల కప్పుకొనుటను గూర్చియే శతాబ్దముల తరబడి గ్రంథములు వ్రాయబడినవి, విధులు విధింపబడినవి. ఎందుచేత? కప్పుట తీయుటకంటె బరువైనదా, లేక స్త్రీని గూర్చిన నిర్ణయములు స్త్రీచేత గాక పరులచేత జరుగుచు వచ్చుటయే దీనికి కారణమా?

తెలుగుదేశమున నీ యాచారము మరింత యాలోచన పుట్టించును. ఉత్తరదేశపు ఘూంఘటు మన వాడుక కాదు. మన గృహిణులు దేవాలయమునకు బోవునప్పుడు పాపిట తీర్చి, జడనిండ పూలు ముడిచికొని, తలపై చెంగు లేకయే పోవుదురు. పూర్వపు అగ్రవర్ణముల యిండ్లలో చెంగు నిత్యమును తలమీదనే యుంచుకొనవలసిన స్త్రీ కేశఖండనము జరిగిన వితంతువు. వీరేశలింగము పంతులుగారు 1881 లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించు నాటికి ఆ చెంగు క్రింద నున్నది మూల నణచిన బ్రతుకు, శుభకార్యమునకు ఎదురు రాగూడని ముఖము. అట్టి దేశమున, భర్త ప్రక్కనుండగా, బిడ్డ చంకనుండగా, నిండుమనస్సుతో చెంగు తలకెత్తుకొని దైవసన్నిధికి బోవు స్త్రీలు బయలుదేరినప్పుడు ఇరుగుపొరుగువా రేమనుకొని యుందురో! అశుభమనుకొనిరేమో, వింతమతపు వింతవేష మనుకొనిరేమో. చెంగొకటియే, ఒక యింట నది స్త్రీని గడపలోపలికి నెట్టినది, మరియొక యింట నది ఆమెను గడప దాటించి సభలోనికి తీసికొనిపోయినది. అట్లయిన అర్థము వస్త్రమున నున్నదా, వస్త్రమును లాగిన చేతిలో నున్నదా?

మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. 1836 లో ఇంగ్లండునుండి బయలుదేరి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడిన బౌడెను, బీరు కుటుంబములను, 1842 లో గుంటూరు చేరిన లూథరను మిషనరీ హెయ్యరును, 1866 లో ఒంగోలున కాపురము పెట్టిన క్లౌ దొరను చరిత్రకారులు మరువలేదు. కాని వారి వారి మిషనుల పక్షమున పల్లె పల్లె తిరిగి, పురుషుడు అడుగిడరాని లోగిళ్లలో కూర్చుండి, చదువురాని స్త్రీలకు అక్షరమును వాక్యమును చెప్పిన బైబిలు స్త్రీల పేళ్లు చాలమట్టుకు మరుగునబడినవి. తెల్లని నేతచీర, నల్లని గొడుగు, గుడ్డసంచిలో సువార్తల పొత్తము, ఇదియే మా అమ్మమ్మ పరికరము. చిన్నతనమున సెలవులలో నేనామె వెంట పోయెడివాడను. ఏ పందిరి క్రిందనో చతికిలబడి, మొదట బిడ్డల జ్వరములను గూర్చియు గేదెల పాడిని గూర్చియు ముచ్చటించును. అప్పటివరకు చెంగు నడుమున దోపియే యుండును. పిమ్మట సంచి విప్పును. చెంగు నడుమునుండి వదలి తలకెక్కును. ఆ క్షణమునుండి ఆమె కంఠము మారును. అంతవరకు అమ్మా, అక్కా యని బ్రతిమాలు గొంతు, ఆజ్ఞాపించు గొంతగును, ఓదార్చు గొంతగును, నిలువదీయు గొంతగును. అరుగుమీద చుట్ట కాల్చుకొను పురుషులును చుట్ట నార్పి వినెడివారు. నడుమ నడ్డుపడి మాటలాడినవారిని నేను చూడలేదు. ఆమెకు ఆ ధైర్యము ఎచ్చటినుండి వచ్చినదో అప్పుడు తెలియలేదు. చెంగు తలకెక్కుటకును కంఠము లేచుటకును ఏదో బంధమున్నదని మాత్రము బాల్యమందే మనస్సున నాటినది.

ఆ జ్ఞాపకము వెంటనుండగా, కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి లేఖలోని పదునొకండవ అధ్యాయమును నేను మరల మరల చదువుచుందును. క్రీ.పూ. 146 లో రోమనులు నేలమట్టము చేసిన కొరింథును క్రీ.పూ. 44 లో జూలియసు సీజరు రోమను వలసగా మరల నిలిపెను. పౌలు నాటి కది గ్రీకుల నేలమీది రోమనుల పట్టణము, రెండు సముద్రముల సరకు చేతులు మారు బేరసారముల చోటు. రోమను పురుషుడు బలి యర్పించునప్పుడు తన పైవస్త్రమైన టోగా యంచును తలమీదికి లాగికొనెడివాడు; అట్లు తల కప్పుకొన్న ఔగుస్తు చక్రవర్తి పాలరాతి విగ్రహము కొరింథు త్రవ్వకములలోనే దొరకినది. ఈ సంగతి చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. పెరటి గుమ్మమున మా వదినగారి చేయి చేయు చేష్టయే ఒకనాడు చక్రవర్తి చేయి చేసినది. అచ్చట నది యాజకత్వమునకును అధికారమునకును చిహ్నము! అట్టి పట్టణమున పౌలు, పురుషుడు తల కప్పుకొనరాదనియు స్త్రీ కప్పుకొనవలెననియు చెప్పుచు, సృష్టిక్రమమును, దేవదూతలను, స్వభావమును, సంఘముల వాడుకను ఒకదాని వెంట నొకటిగ సాక్ష్యమునకు పిలుచును. నడుమ నాగి, స్త్రీ పురుషునినుండి కలిగినను పురుషుడును స్త్రీ మూలముగనే పుట్టుచున్నాడనియు, సమస్తమును దేవునివలననే కలిగినదనియు, తన వాదమునకు తానే సవరణ చెప్పికొనును. పిమ్మట, మీలో మీరే యోచించుకొనుడని వారి తీర్పునకు విడుచును. జుట్టును గూర్చి యింత వ్రాసిన యీ మహనీయుడే మ్రొక్కుబడి నిమిత్తము కొరింథు రేవైన కెంక్రేయలో తల కత్తిరించుకొని యోడ యెక్కినట్లు అపొస్తలుల కార్యములలో నున్నది. ఇన్ని మలుపులు తిరిగిన వాదముమీద అంత కఠినమైన విధులు ఎట్లు నిర్మింపబడినవో గదా!

అయినను ఆ యధ్యాయమున ఏ మలుపును లేని సంగతి యొకటి కలదు. దానిని పౌలు వాదింపడు, అందరెరిగినదే యన్నట్లు చెప్పి సాగిపోవును. ముసుగును గూర్చిన యా చర్చ యంతయు ప్రార్థించు స్త్రీని, ప్రవచించు స్త్రీని గూర్చినది. సభలో అందరు వినునట్లు దేవునితో మాటలాడునదియు, దేవుని పక్షమున జనులతో మాటలాడునదియునైన స్త్రీ తల యెట్లుండవలెనన్నదే యచ్చట ప్రశ్న. ఆమె మాటలాడవచ్చునా యన్నది ప్రశ్నయే కాదు. కైసరయలో ఫిలిప్పు కుమార్తెలు నలుగురు ప్రవచించుచుండిరి. కెంక్రేయ సంఘమునకు ఫీబే పరిచారకురాలు. అకుల ప్రిస్కిల్లల యింట సంఘము కూడుచుండెను. మరి యదే లేఖలో, మూడధ్యాయముల కావల, స్త్రీలు సభలో మౌనముగ నుండవలెనను వాక్యములు లేవా? ఉన్నవి. కొన్ని ప్రాచీన ప్రతులలో నవి ఆ చోటున గాక అధ్యాయాంతమున కనబడుటచే, అవి పౌలు వ్రాసినవేనా యని సంశయించు పండితులును గలరు. ఆ తగవెట్లు తీరినను, నోరు మెదపరాని స్త్రీకి నోరు విప్పునప్పటి నియమము చెప్పువాడుండడు. రోములో సలారియా మార్గమున నున్న ప్రిస్కిల్ల సమాధిగుహలలో ప్రార్థించు స్త్రీని చూపు మూడవ శతాబ్దపు గోడచిత్ర మొకటి యున్నది: తలపై ముసుగు, ఇరువైపుల పైకెత్తిన చేతులు, పైకి చూచు విశాలనేత్రములు. ఆ ముసుగు ఆమె ముఖమును దాచలేదు, చేతులను కట్టివేయలేదు. ఆ చిత్రపు ప్రతి నెచ్చట చూచినను నాకు పందిరి క్రింది అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చును.

మరి యా స్వరము ఎచ్చట తప్పిపోయినది? ఇది జరిగిన దినము ఫలానా యని వ్రేలు పెట్టి చూపలేము. కాని కార్తేజీ నగరమున మూడవ శతాబ్దారంభమున క్రైస్తవ రచయిత తెర్తుల్లియను కన్యకల ముసుగును గూర్చి వ్రాసిన గ్రంథమున దాని జాడ స్పష్టముగ గోచరించును. వివాహితలవలె కన్యకలును తల కప్పుకొనవలెనని వాదించిన ఆ గ్రంథమునందే, స్త్రీ సంఘమున మాటలాడరాదు, బోధింపరాదు, బాప్తిస్మ మీయరాదు అను నిషేధమును గలదు. వస్త్రము పెరిగినది, స్వరము తరిగినది. ఆయనయే ఆత్మను గూర్చిన మరియొక గ్రంథమున, ఆదివారపు ఆరాధన నడుమ దర్శనములు గను సోదరి నొకతెను గౌరవముతో పేర్కొనును. కాని ఆమె తాను కన్నదానిని ఆరాధన ముగిసి జనులు వెడలిపోయిన పిమ్మట గాని చెప్పదు! పోనీ, వస్త్రము తీసివేసిన స్వరము తిరిగి వచ్చునా? 1917 నాటి కతోలిక ధర్మశాస్త్రపు 1262 వ సూత్రము గుడిలో, విశేషించి ప్రభుబల్లను సమీపించునప్పుడు, స్త్రీలు తల కప్పుకొనవలెనని విధించెను. 1983 నాటి క్రొత్త శాస్త్రమున ఆ విధి లేదు. నడుమ 1976 లో వెలువడిన వాటికను ప్రకటన, ముసుగు ఆ కాలపు ఆచారమే గాని నేడు విధి కాదని తేల్చినది. అయితే ఆ ప్రకటన ముఖ్యోద్దేశము స్త్రీలకు యాజకత్వము కూడదని చెప్పుట. అనగా చెంగు తొలగిన మాత్రమున పీఠము దొరకలేదు. దీనికి ప్రతిగా, 1666 లో ఇంగ్లండు చెరసాలలోనుండియే మార్గరెటు ఫెల్ అను క్వేకరు శాఖ క్రైస్తవ స్త్రీ, స్త్రీల వాక్పరిచర్యను సమర్థించుచు నొక పొత్తమును ప్రకటించినది. తల కప్పుకొన్న క్వేకరు స్త్రీలు సభలలోను వీధులలోను నిర్భయముగ ప్రకటించిరి. కావున తల కప్పుకొన్నదా లేదా యనునది కొలబద్ద కాజాలదు.

ఇంకొక సంశయము నన్ను మరింత కలచును. ముసుగు స్త్రీపై రుద్దబడిన భారమని మాత్రమే చెప్పుట న్యాయమా? క్రీస్తునకు వేయేండ్లకు పైగా ముందటి అస్సీరియా శాసనములలో, వివాహిత వీధిలో తల కప్పుకొని తీరవలెను. దాసియో వేశ్యయో కప్పుకొన్నచో శిక్ష. అనగా అచ్చట ముసుగు ఒకరికి విధి, మరియొకరికి నిషిద్ధమైన గౌరవము. కొరింథు సంఘమున దాసీలును స్వతంత్రురాండ్రును కలసి కూర్చుండిరి గదా. అందరు స్త్రీలు కప్పుకొనవలెనని పౌలు చెప్పినప్పుడు, ఆ గౌరవము తొలిసారిగ దాసి తలమీదికి వచ్చినదేమో యని కొందరు పండితు లూహింతురు. ఊహయే కావచ్చును, కాని మన దక్షిణదేశమున నిది వట్టి యూహ గాదు. తిరువాన్కూరున నాడారు స్త్రీలు, వారిలో క్రైస్తవులైనవారు ముందు నడువగా, తమ వక్షమును పైవస్త్రముతో కప్పుకొను హక్కునకై దశాబ్దములపాటు దెబ్బలు తిని, 1859 లో గాని రాజశాసనమున దానిని పొందలేదు. ఇక మన తెలుగునేలను, 1878 జూలై 3 వ తేదీన గుండ్లకమ్మ నది యొడ్డున, వెలంపల్లివద్ద, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో నధికులు కరవుచేత క్రుంగిన మాదిగలు. ఆ కుటుంబముల స్త్రీలకు ఆరు దినములును చెంగనగా నడుమున బిగించి దోపుకొనునది, చెమట తుడుచుకొనునది, తట్టక్రింద చుట్టకుదురుగ చుట్టుకొనునది. ఏడవ దినమున నదే చెంగు, పనినుండి విడుదల పొంది, తట్ట మోసిన యా తలమీద పరిచికొనబడినది. ఆ దినమున ఆ తలకు యజమాని బరువు లేదు. దీనిని దాస్యమని యే నోటితో పిలువగలము?

అయినను, ఒకరి గౌరవమైన వస్త్రమే మరియొకరి మెడకు బంధమగుటకు ఎంతో కాలము పట్టదు. మా యన్నగారి కుమార్తె పట్టణమున ఇంజనీరింగు చదువుచున్నది. అచ్చట నొక ప్రార్థనామందిరమునకు చున్నీ లేకుండ పోయినందున, గుమ్మమున నున్న పెద్ద యొకరు ఆమెను లోనికి రానీయక, బయట మెట్లమీద కూర్చుండి వినుమనిరట. సెలవులకు వచ్చినప్పుడు ఆ మాట చెప్పి, "బాబాయ్, దేవుడి దగ్గరికి రావడానికి నేను చాలనా, చున్నీ కూడా కావాలా?" అని యడిగెను. ఆ ప్రశ్నలో కోపముకంటె దుఃఖమే హెచ్చు. నాకు వెంటనే స్ఫురించినది లూకా సువార్తలోని పరిసయ్యుడైన సీమోను గృహము: విందు నడుమకు వచ్చి, కన్నీళ్లతో ప్రభువు పాదములు తడిపి, తన తలవెండ్రుకలతో వానిని తుడిచిన స్త్రీ. ఆ వెండ్రుకలను చూచి చీదరించుకొన్నవాడు గృహస్థుడు; ఆమె ప్రేమను చూచి క్షమించి, సమాధానముగలదానవై పొమ్మని సాగనంపినవాడు ప్రభువు. ఈ కథను నేను చెప్పుచుండగా వదినగారు బియ్యము ఏరుచు వినుచుండిరి. కొంత సేపటికి తల యెత్తకయే కూతురితో, "నేను వాళ్ల కోసం కప్పుకోనమ్మా. కప్పుకుంటే నాకు మాట వస్తుంది. నీకు కప్పుకోకుండానే వస్తే, ఆ మాటతోనే ప్రార్థన చేసుకో" అనిరి. నేను గ్రంథములలో వెదకుచున్న సమాధానము నా యింటనే యుండెను.

ఇప్పుడు నాకు కొంత తేటపడినది. తల కప్పుకొనుట వలన దేవుడు దగ్గరపడడు, కప్పుకొనకున్న దూరమును కాడు. మనుష్యుడు తన దినకృత్యములనుండి తన్ను తాను వేరుపరచుకొని, ఇక నేను ముఖ్యమైన మాట చెప్పబోవుచున్నానని తనకు తాను తెలుపుకొనుటకు శరీరము నొక చేష్ట కోరును. నా పూర్వుడు తలగుడ్డ తీసి యా పని చేసెను. మా అమ్మమ్మ చెంగు తలకెత్తి చేసెను. చేష్ట ఆమెది, చేయి ఆమెది, చెంగు ఆమె కట్టిన చీరలోనిదే. దానిని వేసికొనుటయు దింపుటయు ఆమె వశమున నున్నంతకాల మది పవిత్రము. గుమ్మమున నిలిచినవాడు దానిని కొలుచుట మొదలుపెట్టిన దినమున ఆ పవిత్రత చెడును. మన నంద్యాల అధ్యక్ష మండలమునకు 2013 లో ఇ. పుష్పలలితగారు బిషప్పుగ నియమితులై, దక్షిణ ఇండియా సంఘమున ఆ పదవి నందిన తొలి మహిళ యైరి. ఆ వార్త విన్ననాడు, పందిరి క్రింద లేచిన కంఠములకు వేదిక దొరకినదని నేను సంతోషించితిని. కాని ప్రతి వారమును ఎన్ని గుడులలో, చెంగు కప్పుకొన్న తలలు వరుసలు దీరి కూర్చుండి, ఒక్క మాట చెప్పుటకును పిలుపు లేక లేచిపోవుచున్నవి! వారు తమ యిండ్లలో, స్త్రీల కూటములలో, ఫోనులలో ఎంత గంభీరముగ ప్రార్థింతురో విన్నవాడను గనుక ఈ మాట వ్రాయుచున్నాను. కొరింథీయుల లేఖను చేతబట్టుకొని స్త్రీని ముసుగు వేసికొమ్మని యడుగు సంఘము ఆ వాక్యమును సగము చదివి మూయరాదు. ఆమె ప్రార్థనను, ఆమె ప్రవచనమును కూడ అడుగవలెను, అడిగి నిలిచి వినవలెను. ఆమె కంఠమును విననొల్లని సంఘమునకు ఆమె తలను గూర్చి మాటలాడు అధికారము లేదు.